తాళం వేసిన చిక్కుడు గింజలు

"ఇది ఆవిడ కూర కాదమ్మాయ్," అంటూ మామగారు కంచం పక్కకు జరిపారు.

"ఉప్పు తగ్గిందా మామయ్యా?"

"సరిపోయింది."

"కారం?"

"అదీ సరిపోయింది. వంక పెట్టడానికేమీ లేదు. అదే వచ్చిన చిక్కు."

కోడలు కంచంలోకి చూసింది. రొట్టెలో పావు వంతు తరిగింది. చిక్కుడు గింజల కూర దాదాపు అలాగే ఉంది. మామగారు ఇంకో రెండు కిలోలు తగ్గితే ఆస్పత్రిలో చేర్చి సూదులతో తిండి ఎక్కించవలసి వస్తుందని డాక్టరు పోయిన వారమే హెచ్చరించాడు.

ఆమె పాఠశాల ప్రయోగశాలలో సహాయకురాలు. ఒకసారికి ఒక్కటే మార్చి ఫలితం చూడాలన్నది ఆమెకు అలవడిన పద్ధతి. అత్తగారు పోయిన ఈ నాలుగు నెలల్లో గిన్నె మార్చింది, మంట మార్చింది, నూనె మార్చింది. అత్తగారిది ఎడమచేతివాటం కనుక ఒకరోజు ఎడమచేత్తో కూడా కలిపి చూసింది. చీర మీద మరక పడింది తప్ప ప్రయోజనం కలగలేదు.

"ఊరికే శ్రమపడకు. అది హస్తవాసి. నేర్చుకుంటే వచ్చేది కాదు," అన్నారు మామగారు.

నలభై ఏళ్ళు కంటికి భూతద్దం తగిలించుకుని గడియారాలు బాగుచేసిన మనిషి ఆయన. కారణం లేకుండా ఏ ముల్లూ ఆగదని వాదించేవారు. భార్య వంట దగ్గర మాత్రం కారణాలకు చోటివ్వరు.

"పోనీ, వెనక గది తాళం తీయండి. అత్తయ్య దాచిన గింజలే వండుతాను."

"గుర్తుగా ఉంచుకున్నదాన్ని వండుకు తింటారటే ఎవరైనా?"

వంటింటి వెనక గదిలో ఆరు రేకు డబ్బాలున్నాయి. అత్తగారు ఇంటి ఖర్చులోంచి మిగిల్చి ఏటా కొన్ని కిలోలు అదనంగా కొని, మూడు రోజులు ఎండబెట్టి, డబ్బాకెత్తి, మూత అంచుకు మైనం పూసి, తేదీ రాసి వెనక వరసలో పెట్టేది. వాడకం ఎప్పుడూ ముందు వరస నుంచే. మామగారికి పని దొరకని ఏడాది కూడా ఆ ఇంట్లో పొయ్యి వెలగని పూట లేదు.

"కొత్త పంట దిగీ దిగగానే ఏరికోరి తెచ్చేది. సంచీ బరువుకు భుజం ఎర్రగా కందిపోయేది. నేను తెస్తానంటే, 'మీకు గింజ తెలియదు, ఊరుకోండి' అనేది. మా మొదటి అద్దెగదిలో ఉన్నది ఒక్కటే కంచం. నా పళ్ళు గట్టివని గింజలు నా వైపు తోసి, రసం తన వైపు లాక్కునేది గడుసుది!"

మర్నాడు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు కోడలు తలగడ కింద తాళంచెవి తీసింది. ముందు వరస డబ్బాలోంచి రెండు గుప్పెళ్ళు తీసుకుని, తాళం మళ్ళీ వేసేసింది.

పూటంతా నానినా ఆ గింజలు లొంగలేదు. రెండు గంటలు ఉడికినా తొక్క మొండికేసింది. రసం మాత్రం చిక్కబడి ఎర్రగా తేలింది.

మామగారు మొదటి ముద్ద నోట పెట్టుకుని ఆగిపోయారు. నెమ్మదిగా నమిలారు. కళ్ళు మూసుకున్నారు.

"ఇదిగో! ఇదీ! గింజ పంటి కింద ఎదురు తిరగాలి. ఏం చేశావమ్మాయ్?"

"అత్తయ్యను తలుచుకుని కలిపాను మామయ్యా."

ప్రయోగశాలలో పనిచేసే మనిషి ఆడవలసిన అబద్ధం కాదది.

"చూశావా! ఆవిడ హస్తవాసి నీకు దిగింది," అన్నారాయన, రెండో రొట్టె అందుకుంటూ.

మూడు నెలలు గడిచాయి. మామగారి చొక్కా మళ్ళీ ఒంటికి అతికింది. డాక్టరు ఆస్పత్రి మాట మానేశాడు. కోడలు ఈలోగా రెండు గిన్నెల్లో, ఒకే నీళ్ళు, ఒకే మంట మీద కొట్టు గింజలనూ డబ్బా గింజలనూ విడివిడిగా వండి రుచి చూసింది. తేడా చేతిలో లేదు, గింజ వయసులో ఉంది. కొట్టు గింజ పాలుగారే పసిది. డబ్బా గింజ ముదిరి, మొండి కట్టి, రుచి తేలినది. హస్తవాసి అంటే ఏడాది పాతబడడమన్న మాట! ఆ మాట ఆయనతో చెప్పడానికి మాత్రం ఆమెకు నోరు రాలేదు.

ఆరో డబ్బా అడుగు కనిపించిన రోజున ఆమె కిరాణా కొట్టుకు వెళ్ళింది. తానే కొని డబ్బాకెత్తితే అవి పాతబడేదాకా ఏడాది ఆగాలి. అందాకా మామగారు మళ్ళీ కంచం పక్కకు జరపకుండా చూడాలి.

"రండమ్మా, కొత్త పంట! నిన్ననే దిగింది. గిల్లి చూడండి, గోరు దిగకపోతే నన్నడగండి," అన్నాడు కొట్టు ముసలాయన.

"దాచడానికి అవి రెండు కిలోలివ్వండి." ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "తినడానికి... నిరుటివి ఉంటాయా? అమ్ముడుపోక మూలపడ్డవైనా ఫరవాలేదు."

ముసలాయన కళ్ళజోడు పైకి తోసి, ఆమెను ఎగాదిగా చూశాడు.

"మీరు గడియారాలాయన కోడలు కదూ?"

"అవును."

ఆయన మరో మాట లేకుండా లోపలికి వెళ్ళి, దుమ్ము పట్టిన గోనెసంచీ ఒకటి ఈడ్చుకొచ్చాడు.

"మీ అత్తగారు పోయాక వీటిని అడిగినవాళ్ళే లేరమ్మా! ఆవిడకిచ్చినట్టే సగం ధరకు ఇస్తాను. మీ మామగారు అడిగితే మాత్రం, ఎప్పట్లాగే, కొత్త పంటేనని చెబుతాను."