చేయి తిరిగిన నేతగాడు

"భేల్ బండి మగ్గానికి ఏ పక్క పెడ్తున్నరు?" అని అడిగాడు సిద్ధరాములు.

నేత మ్యూజియంలో ఉద్యోగం చేస్తున్న తృప్తి, దీపావళి సెలవుల్లో వచ్చే ఆదివారం జరిపే కుటుంబ మేళాకు పిలవడానికి నీలం నగర్‌లో ఉన్న అతని ఇంటికి వచ్చింది. పిల్లలకు తోలుబొమ్మలాట, ఆడవాళ్లకు ముగ్గుల పోటీ, చద్దర్ కప్పుకుని ఫొటో దిగడానికి ఒక మూల, తినడానికి మరమరాల భేల్. అన్నిటికీ మించి, అందరి ముందూ మగ్గం మీద కూర్చుని నేసే సిద్ధరాములు.

"అంటే ఒక చేతిల భేల్, ఇంకో చేతిల ఫోన్ పట్టుకోని కోతిని చూసినట్టు నన్ను చూస్తరు," అన్నాడతను.

అతను అన్నాడంటే చెల్లుతుంది మరి. మ్యూజియం పెద్ద హాల్లో గోడకు వేలాడే, బట్టలో నేసిన లేళ్ల గుంపు కింద, ఇత్తడి పలక మీద ఉన్నది అతని పేరే. ఒకప్పుడు అతను సరుకు భుజాన వేసుకుని బజారుకు వెళ్తే దుకాణదారులు గల్లా వదిలి లేచొచ్చేవారని జోడ్‌భావి పేట్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కులం పండగలకు వేదిక మీద అతనికొక కుర్చీ, భుజాల మీద ఒక శాలువా ఏటా తప్పవు. కప్పిన శాలువా పవర్‌లూమ్ సరుకని మైకులోనే చెప్పి, కప్పినవాడి ముఖం మాడ్చి మరీ ఇంటికి వస్తాడు.

"కాకా, ఈసారి జనం రాకుంటే ఆ హాల్ బంద్ చేస్తరట," అంది తృప్తి. "చీరల సేల్‌కు కిరాయికిస్తమంటున్నరు ట్రస్టీలు. మీ లేళ్లను చుట్టచుట్టి గోదాంల పడేస్తరు."

సిద్ధరాములు ముఖం వాడింది. గోడ మీద పేరు పోతే వేదిక మీద కుర్చీ కూడా పోతుందని అతనికి తెలుసు. అంతలోనే తేరుకుని ట్రస్టీల మీద పడ్డాడు. వాళ్లలో పడుగేదో పేకేదో తెలిసిన మొగాడు ఒక్కడైనా ఉన్నాడా అని అడిగాడు. ఇక కుంఠా నాకా పవర్‌లూమ్ షెడ్లలో అయితే బటన్ నొక్కి, మోటరు తిరుగుతుంటే పక్కన గుట్కా నములుతూ కూర్చునేవాడు కూడా నేతగాడేనట. "మగ్గం ముట్టనోడు నేత గురించి మాట్లాడితే నాకు ఒళ్లు మండుతది," అన్నాడు.

గడప దగ్గర చాట ముందు పెట్టుకుని బీడీలు చుడుతున్న అతని భార్య సుందరాబాయి తలెత్తలేదు.

తృప్తి వదిలే రకం కాదు. ఆ లేళ్ల కళ్లలో అంత తడి ఎలా తెచ్చారని అడిగి కాస్త మెత్తబరచాలని చూసింది. చెప్తే తెలిసేది కాదని ఒక్క మాటతో తోసేశాడు. మ్యూజియం మగ్గం దిష్టిబొమ్మగా పెట్టడానికి తప్ప దేనికీ పనికిరాదన్నాడు. పరాయి మగ్గం మీద చెయ్యి ఆడదన్నాడు. మీ మగ్గం లోపలి గదిలోనే ఉంది కదా, శనివారం టెంపో పంపిస్తానందామె. దాని మీద పరుపులు పేర్చామన్నాడు. మనుషులను కూడా పంపిస్తానంది.

అయితే దారం నాసిరకమని ఎత్తుకున్నాడు. ఆమె సంచిలోంచి కండె తీసి ఇచ్చింది. సిద్ధరాములు దాన్ని అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచి, చాటలోకి విసిరాడు. సుందరాబాయి ఆ దారాన్ని బొటనవేలితో ఒకసారి రాసి చూసింది.

"మంచిగనే ఉన్నది," అంది.

"నీకేం ఎర్క? నువ్వు బీడీలు చుట్టు," అని కసిరాడు.

చివరికి కళ్లు ఆనడం లేదన్నాడు. అంటూనే, వీధి మొగలో ఆగిన సిటీ బస్సు నంబరు చదివి, అది జోడ్‌భావి పేట్ వెళ్తుందని, తృప్తి అందులో పోవచ్చని చెప్పాడు.

తృప్తి నిజంగానే లేచింది. ఆమెకూ విసుగొచ్చింది. "సరే కాకా. మల్లేశం కాకను అడుగుత. పోస్టర్ మీద ఆయన ఫొటోనే ఏస్తం."

"మల్లేశమా?" సిద్ధరాములు కుర్చీలోంచి సగం లేచాడు. "తువ్వాలకు అంచు సక్కగ నెయ్యరానోడు. వాడా మగ్గమెక్కేది?"

"మరి మీరు రానంటుంటిరి."

"ఎవరన్నరు రానని? రాసుకో నా పేరు. పెద్ద అక్షరాలతోని రాసుకో."

ఆ మాట ఇంకా పూర్తిగా నోరు దాటకముందే తృప్తి అతని ఫొటో తీసింది, పోస్టర్ చేసేవాడికి పంపింది, మ్యూజియం వాళ్ల గ్రూపులోనూ వేసింది. క్షణంలో ఆమె ఫోన్ చప్పట్ల బొమ్మలతో టింగు టింగుమని మోగడం మొదలుపెట్టింది. ఆ పిల్ల సంతోషంగా ఇద్దరికీ దండం పెట్టి బస్సు కోసం పరుగెత్తింది.

సిద్ధరాములు గుమ్మంలో నిలబడి బస్సు మలుపు తిరిగేదాకా చూశాడు. మేళా అట, ముగ్గులట, నేతను భేల్‌లో కలుపుకుని తింటారట అని గొణిగాడు. గొణుగుడులో మునుపటి పస లేదు. మంచినీళ్లడిగాడు. ఎవరూ తెచ్చివ్వలేదు.

సుందరాబాయి అప్పటికే చాట పక్కకు నెట్టి లోపలి గదిలోకి వెళ్లింది. మగ్గం మీది పరుపులు ఒక్కొక్కటే దించి నేల మీద పడేస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆమె గొంతు వినిపించింది.

"రా, ఆదివారం లోపల నీకు నేసుడు నేర్పాలె."