గిరాకీ ఉన్న వీధి

"వెనక్కి తిరగకు. ఆ గోధుమరంగు బూట్లాయన మళ్లీ మన వెనకే వస్తున్నాడు," పెదవులు కదపకుండా అన్నాడు చెప్పుల వ్యాపారి.

భార్య వెంటనే వెనక్కి తిరిగింది.

"తిరగొద్దంటే వినవేంటి?"

"మీరు చెప్పకపోతే తిరిగేదాన్నే కాదు. పాపం, పెళ్లాన్ని వెంటబెట్టుకుని ఊరు చూస్తున్నాడు. మీరూ ఉన్నారు! నది చూపిస్తా, గడియారం స్తంభం ఎక్కిస్తా అని తీసుకొచ్చి, ఈ ఒక్క వీధిలోనే గానుగెద్దులా తిప్పుతున్నారు."

"నది ఎక్కడికీ పోదు. షాపు పోతుంది."

ఆ షాపు వీధి మొదట్లో, మూలమీద ఉంది. షట్టరు దించి ఉంది. "సాయంత్రం నాలుగింటికి వచ్చి తాళం తీస్తా. ఈలోపు వీధంతా తిరిగి చూసుకోండి. ముందు అడ్వాన్సు ఇచ్చినవాళ్లదే షాపు," అని ఓనరు ఫోనులో చెప్పాడు. ఓనర్లందరూ చెప్పే మాటే అది. సొంత ఊళ్లో కొట్టు అమ్మగా వచ్చిన సొమ్మంతా వ్యాపారి లోపలి జేబులో ఉంది. అది సరైన చోట పడితే బతుకు నిలబడుతుంది. తప్పు చోట పడితే ఆలుమగలిద్దరూ రోడ్డున పడతారు.

షాపు తీసుకునేముందు షాపును చూడకూడదు, వీధిని చూడాలి. ఇదీ అతని లెక్క. గోడలకు సున్నం ఎవరైనా వేయిస్తారు, వీధిలోకి మనుషుల్ని ఎవరు తెస్తారు? అందుకే బస్సు దిగింది మొదలు భార్యతో కలిసి కొనేవాళ్లలా నడుస్తున్నాడు. వంతెన దగ్గర వీధి చూశాడు, షాపులవాళ్లు ఈగలు తోలుకుంటున్నారు. గడియారం స్తంభం కింద సందు చూశాడు, షాపులవాళ్లే నిద్రపోతున్నారు. ఈ వీధిలో మాత్రం జంటలు జంటలుగా జనం. అద్దాల్లోంచి తొంగిచూసేవాళ్లు, ధరలు అడిగేవాళ్లు, ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లి మళ్లీ వచ్చేవాళ్లు.

"ఇంత గిరాకీ ఉన్న వీధిలో మూల షాపు అంత తక్కువ అద్దెకు ఎందుకిస్తున్నాడే?"

"అది మీరు ఆయన్ని అడగాలి, నన్ను కాదు. నాకు కాళ్లు పీకుతున్నాయి."

"ఏదో మెలిక ఉంది."

"మీకు మంచినీళ్లిచ్చినా మెలికే. ఇంతకీ ఇంతమంది తిరుగుతున్నారు, ఒక్కరి చేతిలోనూ సంచి లేదేంటండీ?"

"పొద్దున చూసుకుంటారు, సాయంత్రం కొనుక్కుంటారు. నీకు తెలీదులే."

పింగాణీ సామాన్ల షాపులోకి వెళ్లారు. షాపాయన పరుగున వచ్చి కుర్చీలు వేశాడు. భార్య హాయిగా కూర్చుని కప్పుల ధర అడిగింది. పక్కనే ఇంకో ఆడగొంతు సాసర్ల ధర అడిగింది. వ్యాపారి తల వంచి నేల చూశాడు. మనుషుల్ని అతను మొహాలతో కాదు, కాళ్లతో గుర్తుపెట్టుకుంటాడు. ఆ ఆడమనిషి పక్కన అవే గోధుమరంగు బూట్లు.

ఇక ఆగలేదు. గుమ్మం బయట నిలదీశాడు.

"ఏమండీ, పొద్దుటి నుంచీ చూస్తున్నా. మాతో ఏమైనా పనా?"

అవతలాయన తడబడ్డాడు. "అబ్బే, లేదండీ. ఊరు చూద్దామని వచ్చాం. మీరు ఇక్కడివాళ్లేనా?"

"ఇక్కడివాళ్లమే. పక్క వీధి," బొంకేశాడు వ్యాపారి.

ఆయన మొహం వెలిగింది. "అయితే మీకు తెలిసే ఉంటుంది. ఈ వీధిలో వ్యాపారాలు బాగా సాగుతాయాండీ?"

"మాకేం తెలుస్తుంది? మేం ఊరికే కాళ్లు సాగదీసుకోడానికి వచ్చాం."

"పక్క వీధేగా, మంచినీళ్ల కోసం మనింటికి వెళ్దాం పదండి," అంది భార్య నవ్వు ఆపుకుంటూ.

వ్యాపారి ఆమెను చెయ్యిపట్టి అవతలికి లాక్కెళ్లాడు. "చూశావా? వీధి బాగుందని మన నోటితోనే అనిపిద్దామని చూస్తున్నాడు. ఆ మడమలు చూడు, రెండూ వెనకవైపే అరిగాయి. రోజంతా కౌంటరు వెనక నిలబడేవాడి బూట్లవి. ఓనరు దగ్గర పనిచేసే మనిషే. మనకు షాపు మీద మనసైందని ఇప్పుడు వెళ్లి చెప్తాడు, ఓనరు అద్దె పెంచేస్తాడు."

"అలాగైతే వద్దనుకుందాం. పదండి, నదికి వెళ్దాం."

"పిచ్చిదానా! పెంచేటంత విలువ ఉందనేగా ఇంత కాపలా? వాడు నోరు తెరిచేలోపు మన డబ్బు ఓనరు చేతిలో పడాలి."

భార్య వీధి వంక ఒకసారి చూసి, కాళ్లీడ్చుకుంటూ అతని వెనకే నడిచింది.

నాలుగింటికి మూల షాపు ముందు ఓనరు స్కూటరు ఇంకా ఆగకముందే వ్యాపారి ఎదురెళ్లాడు. గోధుమరంగు బూట్లాయన కూడా ఇటే గబగబా వస్తున్నాడు. వ్యాపారి జేబులోంచి కవరు తీసి ఓనరు చేతిలో కుక్కాడు.

"అడ్వాన్సు. షాపు నాది."

"లోపల చూడరా? తాళం తీస్తున్నా, ఒక్క నిమిషం."

"చూడక్కర్లేదు. వీధి చూశాను, చాలు."

"మీ ఇష్టం. తర్వాత వెనక్కి ఇమ్మంటే మాత్రం కుదరదు."

"నేనెందుకు అడుగుతానండీ!" వ్యాపారి మొదటిసారి నవ్వాడు.

ఓనరు తాళంచెవి అతని చేతిలో పెట్టాడు. కవరు జేబులో వేసుకుని, వీధి వైపు తిరిగి గట్టిగా కేకేశాడు.

"షాపు ఇచ్చేశానండీ! దీనికోసం వచ్చినవాళ్లంతా ఇక ఎవరి ఊరికి వాళ్లు వెళ్లొచ్చు!"

గోధుమరంగు బూట్లాయన ఉసూరుమని పెళ్లాన్ని పిలుచుకున్నాడు; వాళ్ల వెనకాలే వీధిలో ఉన్న జంటలన్నీ బస్టాండు దారి పట్టాయి.