అడుగు లేని గూళ్లు

నూతి మీదికి వంగిన ఈతచెట్టుకు ఒక ముసలి గిజిగాడు బోలెడు గూళ్లు వేలాడదీశాడు. ఒక్కదానికీ అడుగు అల్లలేదు. కొత్త గూడు మొదలెట్టడమంటే అతనికి సరదా, ముగించడమంటే బద్ధకం.

మబ్బు పట్టిన ఒక పొద్దున జీనువాయి పిట్ట వచ్చి ఈతమట్ట మీద వాలింది.

"అన్నా, రేపో మాపో గుడ్డు పెట్టాలి. ఇంత గట్టిగా అల్లడం నాకు చేతకాదు. ఒక్క గూటికి అడుగు అల్లిపెట్టవా?"

"అదెంత పని చెల్లీ! రేపు అల్లేస్తా."

"నీ తలమీద పసుపు రంగంతా వెలిసిపోయింది, ఇంకా రేపంటావేంటి?" అని జీనువాయి నవ్వింది.

మర్నాడు గిజిగాడికి పొలం గట్టున లేత గడ్డి కనబడింది. దాంతో ఇంకో కొత్త గూడు మొదలెట్టాడు. సాయంత్రానికి వాన ముంచుకొచ్చింది. ఎటూ పోలేక జీనువాయి ఒక సగం గూట్లోనే దూరి, దాని అంచున గుడ్డు పెట్టింది. గుడ్డు జారి నూతిలో పడింది. బుడుంగుమని చిన్న చప్పుడు, అంతే.

"తప్పు నాదే చెల్లీ," అన్నాడు గిజిగాడు.

జీనువాయి తిట్టలేదు. "మనకు ముక్కిచ్చిన ప్రభువు దగ్గరికి ఇద్దరం పోవాల్సినవాళ్లమే అన్నా. ఎన్ని గూళ్లు మొదలెట్టావని ఆయన అడగడు. వాటిలో ఎవరు తలదాచుకున్నారని అడుగుతాడు."

గిజిగాడు కొత్త గూటి గడ్డి పీకేశాడు. "ప్రభువా, ఇది ముగించేదాకా నన్ను పిలవకు," అనుకుంటూ వానలోనే ఆ సగం గూటికి అడుగు అల్లాడు.

రెండో గుడ్డు అందులో నిలిచింది. పిల్ల పెరిగి ఎగిరిపోయింది కూడా. గిజిగాడికి మాత్రం బతికినన్నాళ్లూ నూతిలోంచి ఆ చిన్న చప్పుడే వినిపించేది.