పొద్దుటి తోడు

ఆ రోజుల్లో ఎవరెప్పుడు ఏం చెయ్యాలో ప్రతి కుటుంబానికీ టైంటేబుల్ యంత్రమే వేసేది. పెద్దవాళ్లు డ్యూటీల్లో ఉంటే, పిల్లలు ఒంటరిగా తినకూడదని పొద్దున్నే ఒక తోడును పంపేది. అలా కాకినాడలో వర్ధనమ్మ నాలుగేళ్లుగా హాసిని అనే పిల్లకు ఎదురుగా కూర్చుని టిఫిన్ తింటోంది.

బడులు తెరిచిన రోజు ఆమె వెళ్లేసరికి బల్ల దగ్గర హాసిని తల్లీ తండ్రీ ఉన్నారు.

"కొత్త టైంటేబుల్లో మా ఇద్దరికీ పొద్దున ఖాళీ దొరికిందండీ. ఇక మేమే కూర్చుంటాం," అంది తల్లి, సంతోషం దాచుకోలేక.

"మంచిదేగా అమ్మా," అంది వర్ధనమ్మ. నిజంగానే మంచిదనిపించింది.

హాసిని ఇడ్లీ తుంచడం ఆపింది. "మరి నువ్వెవరితో తింటావు పిన్నీ?"

"నాకు వేరే ఇల్లు ఇచ్చారమ్మా. అక్కడ ఇద్దరు పిల్లలు," అని అబద్ధమాడింది. పేర్లేంటని అడిగితే, నోటికొచ్చిన రెండు పేర్లు చెప్పింది.

కిందికి దిగి ఫోన్ చూసుకుంటే, యంత్రం ఆమెకు ఏ ఇల్లూ ఇవ్వలేదు. ఇంటికెళ్లబుద్ధి కాక, బస్టాపులో కూర్చుని, హాసినితో తిందామని తెచ్చుకున్న ఉప్మా పొట్లం విప్పింది. రెండు ముద్దలు తిందో లేదో, బడి బస్సు మలుపు తిరిగింది. కిటికీలోంచి హాసిని చెయ్యూపింది. వర్ధనమ్మ పొట్లాన్ని కొంగుచాటున దాచి, నోట్లోది నమలకుండానే మింగి, ఎవరింటికో వేళ మించిపోతున్నదానిలా గబగబా నడిచింది.