బీమా బోర్డు

ఫైనాన్స్ కంపెనీ షట్టర్ దిగి అప్పటికి మూడో రోజు. గుమ్మం ముందు జనం లబోదిబోమంటున్నారు. బోర్డులు రాసే పెయింటర్ ఒక్కడే నిమ్మకు నీరెత్తినట్టు నిలబడ్డాడు.

"అంతా పోయినట్టేనట కదరా!" అంది అక్క, అతని చొక్కా పట్టుకుని.

"ఎవరన్నారు? బీమా ఉందక్కా. కంపెనీ మునిగినా మన డబ్బు మనకొస్తుంది. లోపల క్యాషియర్ నెత్తిమీద బోర్డు రాసింది నేనే కదా!"

అక్క ఊపిరి పీల్చుకుంది. ముప్పై ఏళ్లు నాలుగిళ్లలో అంట్లు తోమి దాచుకున్న డబ్బది. సొంతానికి ఒక గది కొనుక్కుని, ఇక అంట్ల మొహం చూడకూడదని ఆమె ఆశ.

ఆ డబ్బు మొదట్లో ఎదుటి బ్యాంకులో ఉండేది. కిందటేడు అదీ మునుగుతుందని పుకారు లేచింది. బీమా ఉందని తెలిసి జనం కదల్లేదు, బ్యాంకూ కదల్లేదు. అదంతా చూసిన తమ్ముడే, "బీమా ఇక్కడా ఉంది, పైగా వడ్డీ రెట్టింపు" అని డబ్బు ఇటు మార్పించాడు. దూరపు కొండలు నునుపంటారు. ఈ కొండకి మధ్యలో రోడ్డొక్కటే అడ్డం.

అతను అబద్ధమాడలేదు. ఫైనాన్స్ కంపెనీ మేనేజరే పిలిచి చెప్పాడు. "డిపాజిట్ల బీమా గురించి బోర్డు పెట్టాలని ప్రభుత్వం ఆర్డరోయ్. ఈ కాగితంలో ఉన్నది ఉన్నట్టు దించెయ్. అక్షరాలు మరీ పెద్దవి వద్దు."

అతని చేతికి బ్రష్ ఇస్తే అచ్చు గుద్దినట్టే. కాగితానికీ బోర్డుకీ ఒక్క వంపు తేడా రాలేదు. వడ్డీ లెక్కల్లో పడ్డ జనం ఎవరూ తలెత్తి దాన్ని చూడలేదు, అదొక్కటే అతని బాధ.

పదకొండింటికి ప్రభుత్వ ఆఫీసరు వచ్చి షట్టర్ ఎత్తించాడు. అక్క అందరినీ తోసుకుని ముందుకెళ్లింది.

"అయ్యా, మా డబ్బుకి బీమా ఉందట. మా తమ్ముడు చెప్పాడు. నాకంటే అక్షరమ్ముక్క రాదు గానీ, వాణ్ని బడికి పంపించాను."

ఆఫీసరు తలెత్తి బోర్డు చూశాడు. తర్వాత ఆమెను చూశాడు.

"ఇది రాసిందెవరు?"

"నేనే సార్!" పెయింటర్ ఛాతీ విరిచాడు. "ఒక్క తప్పుంటే చూపించండి."

"తప్పేం లేదు. మీ అక్కకి చదివి వినిపించు."

పెయింటర్ మొహంలో నవ్వు ఆరిపోయింది. బోర్డు కేసి చూశాడు, అక్క కేసి చూశాడు.

"మీరే... మీరే చదవండి సార్."

అక్క తమ్ముడి మొహంలోకి తెల్లబోయి చూస్తుండగానే ఆఫీసరు చదివాడు.

బడి ఎగ్గొట్టి గోడల వెంట తిరిగి, అక్షరాలు గీయడమే తప్ప చదవడం ఏనాడూ నేర్చుకోని తమ్ముడు తన చేత్తో ముత్యాల్లా రాసిన మాటలవి: "ఇక్కడ దాచుకున్న డబ్బుకు ఎలాంటి బీమా లేదు."