నాలుగు రోజుల ఆలస్యం

నవల మీద చర్చ మొదలై పావుగంట కాకముందే టైలరుకీ మాస్టారికీ మాటా మాటా పెరిగింది.

“అన్నేసి కబుర్లు చెప్పి, తీరా చివరికి ముఖం చాటేశాడు. వాడూ ఒక హీరోయేనా?” అన్నాడు టైలరు.

“చరిత్ర నవలయ్యా అది. మూడొందల ఏళ్ల కిందటి మనిషిని పట్టుకుని వాడూ వీడూ ఏమిటి?” అన్నారు రిటైరైన మాస్టారు.

ఆ లైబ్రరీలో నెలకోసారి పాఠకులు ఇలా కూర్చుంటారు. ఒక పుస్తకం, పొడవాటి బల్ల చుట్టూ పదిమంది, ఎవరి అభిప్రాయం వాళ్లది.

ఈసారి నవలలో ఓ యువరాణి, వంతెన కట్టడానికి వచ్చిన ఓ మేస్త్రి. మూడు వందల పేజీలూ ఇద్దరికీ మాటల యుద్ధమే. వంతెన సగంలో ఉండగా అతను పనిమీద దూరం వెళ్తాడు. పున్నమికల్లా వచ్చేస్తానంటాడు. రాడు. ఆమె ఎదురుచూస్తూ, చుట్టూ ఉన్నవాళ్లని నవ్విస్తూనే ముసలిదైపోతుంది.

“నాకైతే ఆ వంతెన దగ్గర మాటలు,” అంది నర్సు. “‘మీ వంతెన మీద ముందు మిమ్మల్నే నడిపిస్తాను’ అంటుంది చూడండి యువరాణి. దానికతను, ‘కింద పడవలో మీరుంటానంటే కూలిపోయేలాగే కడతాను’ అంటాడు. డ్యూటీలో చదువుతూ పైకే నవ్వేశాను.”

అందరూ నవ్వారు.

“ఆ మాట అతను అనలేదండి.”

తలుపు పక్క కుర్చీలోంచి వచ్చిందా గొంతు. తలలు అటు తిరిగాయి.

డెబ్భై దాటిన మనిషి. చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. ఆయన్ని ఎవరూ ఎరగరు కూడా.

“అనలేదంటారేంటి? నూట పన్నెండో పేజీ చూడండి!” అంది నర్సు.

“పుస్తకంలో ఉందండి. కానీ అతను ఊరికే నవ్వి ఊరుకునేవాడు. ఆవిడ మాటకి జవాబు ఇంటికెళ్లాక తోచేది.”

టైలరు మాస్టారికేసి కన్ను గీటాడు.

“అయితే చివర్లో ఎందుకు రాలేదో కూడా మీకు తెలిసే ఉంటుంది పెద్దాయనా.”

“వచ్చాడండి. నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాడు. అప్పటికి ఇంటికి తాళం. వీధి వీధంతా అడిగాడు. ఎటెళ్లారో ఎవరూ చెప్పలేకపోయారు.”

“కోటకి తాళమేమిటండీ బాబూ!” నర్సు పగలబడి నవ్వింది.

“మీరే రాసినట్టు చెబుతున్నారే. కొంపదీసి ఆడపేరు పెట్టుకుని రాసింది మీరు కాదు కదా?” అన్నారు మాస్టారు.

“నాకు రాయడం చేతకాదండి,” అన్నాడాయన.



చర్చ అయ్యాక లైబ్రేరియన్ తలో కాగితం పంచింది.

“మీ అభిప్రాయాలు రాసివ్వండి. వచ్చే నెల రచయిత్రిగారే మన దగ్గరికి వస్తున్నారు. ఆవిడ చేతికే ఇద్దాం.”

పెద్దాయనకీ ఒకటి ఇచ్చింది. మిగతావాళ్లు రాసిచ్చి వెళ్లిపోయారు. ఆమె కుర్చీలు సర్దింది, కిటికీలు మూసింది, ఫ్యాన్లు ఆపింది. అప్పుడు ఆయన లేచి కాగితం చేతికిచ్చాడు. అందులో ఒక్క అక్షరం లేదు.

“ఏమీ రాయలేదేంటండీ?”

“చాలా ఉందమ్మా. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు.”

“పోనీ, వచ్చే నెల రండి. ఆవిడకే చెబుదురుగాని.”

“రావాలనే ఉంది. వచ్చే వారం ఆపరేషనుకి చేరమన్నారు. చూద్దాం.”

ఆమెకి బస్సు తొందర. తాళం వేసి పరుగెత్తింది.

నెల తిరిగింది. రచయిత్రి వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసినా మాటలో పదును తగ్గలేదు. గంటసేపు అందర్నీ కడుపుబ్బ నవ్వించింది.

చివరికి మాస్టారు అడగనే అడిగారు.

“ఇంతకీ అతనెందుకు రాలేదమ్మా?”

“నాకే తెలిస్తే రాయనా మాస్టారూ? పుస్తకం వచ్చినప్పట్నుంచి ఎక్కడికి వెళ్లినా నేనే అందర్నీ అడుగుతున్నాను, మీకేమైనా తెలుసా అని.”

గది గొల్లుమంది.

“మాకు తెలుసు మేడమ్!” అంటూ టైలరు లేచాడు. పోయిన నెల పెద్దాయన అన్నదంతా ఆయన గొంతుతోనే చేసి చూపించాడు. తాళం మాట దగ్గర మళ్లీ అందరూ నవ్వారు.

రచయిత్రి నవ్వలేదు.

“నాలుగు రోజులన్నారా?”

“అవును మేడమ్.”

“ఎందుకు ఆలస్యమైందో చెప్పారా?”

టైలరు నర్సువైపు చూశాడు. నర్సు మాస్టారివైపు చూసింది.

“మేం అడగలేదండీ,” అంది నర్సు, గొంతు తగ్గించి. “నవ్వాం.”

“ఇప్పుడెక్కడున్నారు?”

లైబ్రేరియన్ మెల్లిగా ఆపరేషను సంగతి చెప్పింది. అది జరిగి ఉంటే, మూడు వారాలు దాటింది.

రచయిత్రి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. నర్సు ఫోను బయటికి తీసింది.

“ఆస్పత్రుల్లో నాకు తెలిసినవాళ్లున్నారండీ, కనుక్కుంటాను. కానీ మేం ఆయన పేరైనా అడగలేదు.”

“పేరు నాకు తెలుసమ్మా,” అందావిడ. “మూడు రోజులు వాకిట్లోనే కూర్చున్నాను. నాలుగోనాడు పొద్దున్నే మా నాన్నగారు సామాను లారీ ఎక్కించేశారు.”