ఖాళీ వరస

టార్మో సుద్దముక్క తెచ్చి రైలి చేతిలో పెట్టాడు.

"రాయి రైలీ! మూడేళ్లుగా నీ పేరు పక్కన ఖాళీయే."

డిసెంబరు ముప్పై ఒకటి. సరస్సు ఒడ్డున స్కీ క్లబ్బు గుడిసె. గోడకున్న నల్లబల్ల మీద అందరి పేర్లూ, పక్కనే కొత్త ఏడాది లక్ష్యాలూ. ఖాళీ వరసలు రెండే. ఒకటి రైలిది. భర్త పోయినప్పటినుంచీ ఆమెకు ఏ లక్ష్యమూ తోచలేదు.

రెండోది ఆర్వోది. నవంబరులో ఎక్కడినుంచో వచ్చి, పడవల షెడ్డు పక్కగదిలో ఉంటున్న ముసలాయన. పొయ్యి దగ్గర మేకుకు తడి చేతితొడుగులు ఆరేస్తున్నాడు.

"నీ సంగతేంటి తాతా? నీ లక్ష్యం?" టార్మో అడిగాడు.

"సాయంత్రానికి అందరూ ఇంటికి చేరాలి."

"అదీ ఒక లక్ష్యమేనా! దుప్పులు కాసుకునేవాడి మాటలా ఉంది!"

గుడిసె ఘొల్లుమంది.

ఆర్వో కూడా నవ్వి, రైలి వైపు వంగాడు.

"ఖాళీగా వదిలెయ్యమ్మా. బల్లకేం నొప్పి?"

ఆ మాటకు ఆమె గుండె తేలికపడింది. కానీ అందరి కళ్లూ సుద్దముక్క మీదే ఉన్నాయి.

రాసేసింది. 'రేపు సరస్సు దాటి చర్చికి. నలభై నిమిషాల్లో.'

చప్పట్లు.

ఆర్వో ముఖంలో నవ్వు పోయింది. "ఈసారి సరస్సు ఆలస్యంగా గడ్డకట్టిందమ్మా. అడుగున ఊటలున్నాయి. దారి గుర్తుకు మంచులో పాతిన కొమ్మల వెంటే వెళ్లు."

"కొమ్మల వెంట వెళ్తే గంట పైనే!" అన్నాడు టార్మో. "మునిసిపాలిటీ వాళ్లు తాగి పాతినట్టున్నారు. అన్నీ మెలికలే!"

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి ఒడ్డున టార్మో గడియారం చూసి చెయ్యి ఊపాడు. రైలి స్కీల మీద బయల్దేరింది.

రాత్రి కురిసిన మంచుకు సరస్సంతా ఒకటే తెలుపు. ఆ తెలుపులో బారుగా పాతిన స్ప్రూస్ చెట్టు కొమ్మలు. సగం దూరంలో ఆ బారు ఎడమకు తిరిగింది. చర్చి గోపురం మాత్రం ఎదురుగానే ఉంది.

ఇరవై రెండు నిమిషాలు.

ఆమె కొమ్మల దారి వదిలేసింది.

పది అడుగులు వేసిందో లేదో, కాళ్ల కింద సరస్సు మూలిగింది.

ఎదురుగా నాలుగు కొమ్మలు, కంచెలా అడ్డంగా. వాటి మీద మంచు లేదు. నరికినచోట జిగురింకా తడిగా ఉంది.

వాటి అవతల నల్లటి నీళ్లు. నీళ్ల అంచున ఐదో కొమ్మ పడి ఉంది. గాలికి పడిందనుకుంది.

ఊపిరి బిగబట్టి వెనక్కి జరిగింది. కొమ్మల వెంటే ఒడ్డు చేరేదాకా మునిసిపాలిటీ వాళ్లకు మనసులో దండం పెట్టుకుంటూనే ఉంది.

"ఏమ్మా, చర్చి ఇటొచ్చిందా?" అని నవ్విన టార్మో, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

గుడిసెలో జరిగింది విన్నాక, మునిసిపాలిటీలో పనిచేసే చెల్లెలికి ఫోన్ చేశాడు.

"ఆ కొమ్మలు పాతే మనిషెవరే? రైలి ప్రాణం నిలబెట్టాడు. కాఫీ ఇప్పించాలి."

"ఏ కొమ్మలన్నయ్యా? ఆ పని మేం మానేసి ఆరేళ్లయింది."

"మరి ఎవరు పాతినట్టు?"

"ఎవరో మీవాళ్లే అయ్యుంటారు. రోజూ తెల్లారకముందే మంచుకు బెజ్జాలు వేసి మందం చూసుకోకుండా పాతలేరుగా."

టార్మో ఫోన్ దించాడు.

రైలి పొయ్యి వైపు చూసింది. మేకు ఖాళీగా ఉంది. దాని కింద నేలమీద నాలుగు పచ్చటి స్ప్రూస్ ఆకులు.

"పొద్దున్నుంచి తాతను ఎవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు. అందరూ ఒక్కసారే తలుపు వైపు పరుగెత్తారు.

బయట అప్పుడే వెలుగు తగ్గుతోంది. సరస్సు మీదికి వెళ్లినవాళ్లంతా తిరిగొచ్చారు, దారి చూపినవాడు తప్ప.